షోన్‌బర్గ్ ఓపస్ 19లో ఆరోది: ఎంత నెమ్మదిగా? ఏ స్కేలు? ఏం మూడ్?

నల్లమెట్లు
మా టీచర్ ఈసారి ఆస్ట్రియా స్వరకర్త షోన్‌బర్గ్ రాసిన ఆరు చిన్న పియానో ముక్కల్లో చివరిది ఇచ్చారు. ఓపస్ 19, ఆరో నంబరు. మొత్తం తొమ్మిది బార్లే. నోట్లు చదవడం అరగంటలో అయిపోయింది. అక్కడి నుంచే మొదలైంది నా తిప్పలు.

టెంపో దగ్గర జర్మన్‌లో "చాలా నెమ్మదిగా" అని ఉంది, పక్కన బ్రాకెట్లో క్వార్టర్ నోటు (ఒక బీటు) బొమ్మ. దాని ఎదురుగా అంకె ఉండాలి కదా, లేదు. ఎంత నెమ్మది అంటే చాలా నెమ్మది? ఏ స్కేలో చెప్పే కీ సిగ్నేచర్ లేదు. మొదటి కార్డ్ (ఒకేసారి పలికే స్వరాల గుంపు) ఏమిటో పేరు పెట్టలేకపోతున్నా. మూడ్ సంగతి ఇంకా అయోమయం. నెట్‌లో ఒకాయన వాయిస్తే శవయాత్రలా ఉంది, ఇంకొకావిడ వాయిస్తే ఏ బాధా లేదు, ప్రశాంతంగా ఉంది. రెండూ అవే నోట్లు!

టీచర్‌ని అడిగితే "నువ్వే విని చెప్పు" అంటున్నారు. ఇక్కడ ఎవరైనా వాయించినవాళ్లు ఉంటే కాస్త దారి చూపండి.

గ్రేడ్8_అమ్మ
మా అమ్మాయి కూడా ఇదే వాయిస్తోంది. మొదటి రోజు విని మా అత్తయ్యగారు "ట్యూనింగ్ అతను ఇంకా వెళ్లలేదా?" అని అడిగారు 😀 ఈ చర్చని ఫాలో అవుతున్నా.

స్టూడియో_శ్రీను
నేను కీబోర్డు ప్లేయర్‌ని, రికార్డింగులకి వెళ్తుంటా. సూటిగా చెప్తా, ఏమనుకోకండి. దీనికి స్కేలూ లేదు, టెంపో అంకే లేదు, పాడుకోవడానికి ట్యూనూ లేదు. మూడ్ ఎక్కడినుంచి వస్తుంది? రాసినాయన పేరు పెద్దది కాబట్టి మనం వెతుక్కుంటున్నాం. పిల్లాడు అలా నొక్కితే ఆపమంటాం.

చౌకకాలం
శ్రీను గారూ, టెంపో అంకె లేకపోతే టెంపో లేనట్టు కాదు. లెక్క ఇక్కడే ఉంది, చూడండి.

తొమ్మిది బార్లు, బారుకి నాలుగు బీట్లు, మొత్తం 36. నిమిషానికి 40 బీట్లు పెట్టుకుంటే 54 సెకన్లలో అయిపోతుంది. 30 పెట్టుకుంటే 72 సెకన్లు. 24 పెట్టుకుంటే నిమిషంన్నర. చివరి స్వరం మోగి ఆరిపోయేదాకా ఆగడం అదనం. రికార్డింగులు వినండి, చాలావరకు నిమిషం పైనా నిమిషంన్నరకి అటూఇటూగానూ ఉంటాయి. అంటే వాళ్లు 24 నుంచి 30 మధ్యలో ఎక్కడో నడుస్తున్నారు. గాలిగోపురం ఆకారంలో ఉండే పాత మెట్రోనోమ్ మొదలయ్యేదే 40 దగ్గర! అంటే ఈ బీటు మెట్రోనోమ్‌లో అసలు లేదు.

నల్లమెట్లు, మీరు క్వార్టర్ లెక్కపెట్టకండి. ఎయిత్ నోటుని (అర బీటుని) 56కో 60కో పెట్టి మనసులో లెక్కపెట్టండి. మన చౌకకాలంలో ఒక్కో క్రియ మధ్యలో లోపల అక్షరాలు నడిపిస్తాం కదా, అదే పని. లోపల లెక్క నడవకపోతే మూడో బారుకల్లా మీకు తెలియకుండానే పరుగెడతారు.

నల్లమెట్లు
@చౌకకాలం ఈ లెక్క బంగారం. 28లో వాయించి చూశా. కానీ మొదటి కార్డ్ మధ్యలోనే చచ్చిపోతోంది, తర్వాతది వచ్చేసరికి శూన్యం. నాది డిజిటల్ పియానో.

పెడల్_మీద_కాలు
అసలు విషయం మీరే చెప్పేశారు. ఈ ముక్కలో టెంపోని నిర్ణయించేది మీ వాయిద్యమే, మోత ఎంతసేపు నిలుస్తుందన్నదే ముఖ్యం.

మొదటి కార్డ్ కుడిచేతిది. కింద ఎ, మీద ఎఫ్ షార్ప్, ఆ పైన బి. అది మోగుతుండగానే ఎడమచేతి కార్డ్ వస్తుంది, జి, సి, ఎఫ్. రెండోది వచ్చేటప్పటికి మొదటిది బతికి ఉండాలి. రెండూ కలిసి వినపడకపోతే ఈ ముక్కే లేదు. పియానోలో నొక్కిన క్షణం నుంచీ శబ్దం తగ్గడమే తప్ప పెరగడం ఉండదు, పైస్థాయి స్వరాలు ఇంకా తొందరగా తగ్గుతాయి. కాబట్టి మీ పియానోలో ఆ కుడిచేతి కార్డ్ ఎంతసేపు నిలబడుతుందో ముందు ఊరికే నొక్కి పట్టుకుని వినండి. మీరు వెళ్లగలిగే అత్యంత నెమ్మది అక్కడ తేలుతుంది. పెద్ద గ్రాండ్ మీద 24 నడుస్తుంది. చిన్న అప్‌రైట్ మీద 32 అయినా తప్పు లేదు.

డిజిటల్ అయితే సెట్టింగ్స్‌లో టచ్ "హెవీ"లో పెట్టండి. మెత్తగా వాయించడం చేతికి అందుతుంది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే మోత ఆఖరిదాకా వినపడుతుంది, స్పీకర్లో ఫ్యాన్ చప్పుడుకి సగం పోతుంది.

బొబ్బిలి_వీణ
వీణ వాయించేవాళ్లకి ఇది రోజూ ఉండే బాధే. ఒక్క మీటు వేశాక ఆ నాదం ఉన్నంతసేపట్లోనే గమకం పలకాలి. పియానోకి గమకం కూడా లేదు, కాబట్టి వినడం తప్ప వేరే పని లేదు. పెడల్ గారు చెప్పింది నూటికి నూరుపాళ్లు.

గ్రేడ్8_అమ్మ
ఆ కుడిచేతి కార్డ్ మా అమ్మాయికి అందడం లేదు. ఎ నుంచి బి దాకా అంటే తొమ్మిది మెట్ల దూరం. పన్నెండేళ్ల చేయి. విరిచి వాయించమంటారా, కింద నుంచి పైకి వరుసగా?

పెడల్_మీద_కాలు
@గ్రేడ్8_అమ్మ వద్దండి! మూడు స్వరాలూ ఒకేసారి పలకాలి. రచయిత విరవమని రాయలేదు. ఎడమచేయి అప్పటికి ఖాళీగానే ఉంటుంది కదా, కింది ఎ స్వరాన్ని ఎడమచేత్తో తీసుకోమనండి. కార్డ్ పలికాక పెడల్ పట్టుకుని, ఎడమచేయి నెమ్మదిగా తన చోటికి వెళ్లిపోవచ్చు. ఈ టెంపోలో బోలెడంత సమయం ఉంటుంది.

స్టూడియో_శ్రీను
టెంపో సరే, ఒప్పుకున్నా. స్కేలు మాటేమిటి? జి, సి, ఎఫ్, ఎ, ఎఫ్ షార్ప్, బి. ఎఫ్‌ కూడా, ఎఫ్ షార్ప్ కూడా, పక్కనే జి కూడా. ఏ స్కేల్లో ఉన్నాయి ఇవన్నీ? నేను ఇలాంటి కార్డ్ వాయిస్తే మ్యూజిక్ డైరెక్టర్ ఇంటికి పంపేస్తాడు.

బొబ్బిలి_వీణ
శ్రీను తమ్ముడూ, నేను ఈ ఆరు స్వరాలూ వీణ మీద పెట్టి చూశాను. సరదాగా మొదలుపెట్టాను గానీ చాలాసేపు వదల్లేకపోయాను.

జి ని షడ్జమం అనుకుందాం. సి శుద్ధ మధ్యమం. ఎ చతుశ్రుతి రిషభం, బి అంతర గాంధారం. ఎఫ్ కైశికి నిషాదం, ఎఫ్ షార్ప్ కాకలి నిషాదం. అంటే స రి గ మ, ఆపైన రెండు నిషాదాలు. పంచమం, ధైవతం లేవు. రెండు నిషాదాలు అనగానే నాకు ఖమాస్ గుర్తొచ్చింది. హరికాంభోజి జన్యమే అయినా కాకలి నిషాదం అన్యస్వరంగా (బయటి స్వరంగా) వచ్చి మురిపిస్తుంది కదా. వరుసగా మీటుకుంటూ వెళ్తే నిజంగానే చెవికి ఆ ఛాయ తగులుతుంది.

కానీ ఖమాస్‌లో ఆ రెండు నిషాదాలూ ఒకదాని తర్వాత ఒకటి, తమ తమ సంచారాల్లో వస్తాయి. ఇక్కడ రెండూ ఒకేసారి నిలబడి ఉన్నాయి! మన పద్ధతిలో అది ఊహించలేం. ఆ తర్వాత పైన ఇ, డి షార్ప్ వస్తాయి. జి నుంచి చూస్తే చతుశ్రుతి ధైవతం, శుద్ధ ధైవతం. చివర్లో అట్టడుగున బి ఫ్లాట్, ఎ ఫ్లాట్. సాధారణ గాంధారం, శుద్ధ రిషభం. అప్పటికి రాగం అన్న ఆశ పూర్తిగా పోతుంది.

పదనిస
అక్కా, తంబూరా పెట్టి చూశారా?

బొబ్బిలి_వీణ
@పదనిస శ్రుతిపెట్టె జి లో పెట్టాను. ప్రతి కార్డూ జి వైపు ఒరిగినట్టు అనిపించింది. తర్వాత సి లో పెట్టాను. అవే కార్డులు ఇప్పుడు సి వైపు ఒరిగాయి. ఎ లో పెట్టినా అంతే, కాకపోతే కాస్త చేదుగా. శ్రుతి ఆపేస్తే ఎటూ ఒరగకుండా నిలబడ్డాయి. నాకు అదే బాగుంది.

స్టూడియో_శ్రీను
దాన్నే నేను స్కేలు లేదు అంటున్నా 🙂

కోటి_పాతపుస్తకాలు
శ్రీను, లేదు అనడం వేరు. బొబ్బిలి అక్క చెప్పింది ఏమిటంటే ఏ స్వరాన్ని ఆధారం చేసుకున్నా ఆ కార్డ్ దానికి లొంగుతోంది. షోన్‌బర్గ్‌కి కూడా "ఎటోనల్" (ఆధార స్వరం, స్కేలు లేనిది) అన్న మాటంటే గిట్టేది కాదు. ఆ పేరు తప్పని, కావాలంటే "పాన్‌టోనల్" (అన్ని స్వరాలనీ కలుపుకున్నది) అనుకోవచ్చని రాశాడు. సంగీతం స్వరాలతోనే తయారయ్యేటప్పుడు దాన్ని స్వరం లేనిది అంటే ఎలా అన్నది ఆయన అభ్యంతరం.

ఇదే సెట్‌లో రెండో ముక్క చూడండి. అక్కడ జి, బి రెండే స్వరాలు కలిపి పొట్టిగా, మెత్తగా కొడుతూ ఉంటాడు. చుట్టూ ఏం జరిగినా ఆ జోడీ మాత్రం చోటు మారదు. జి మేజర్‌లో సగం అది. చాలామందికి జి వినపడుతుంది, కొందరికి సి వినపడుతుంది. అందులో స్కేలు లేదని మీరు కచ్చితంగా చెప్పగలరా? ఆయన తలుపు పూర్తిగా మూయలేదు.

ఆరోదానికి వస్తే, ఎడమచేతి కార్డ్‌లో జి నుంచి సి, సి నుంచి ఎఫ్, రెండూ స-మ దూరాలే. కుడిచేతిలో ఎఫ్ షార్ప్ నుంచి బి కూడా అంతే. మామూలు మేజర్, మైనర్ కార్డులు మూడో స్వరం దూరాలతో కట్టినవి, ఇవి నాలుగో స్వరంతో. అందుకే మీకు పేరు దొరకడం లేదు.

నల్లమెట్లు
మరి ఎఫ్, ఎఫ్ షార్ప్, జి పక్కపక్క మెట్లు కదా, బి, సి కూడా. ఐదు వేళ్లతో గుద్దినట్టు ఉండాలి. కానీ వింటే కఠినంగా లేదు, ఏమిటి కారణం?

పెడల్_మీద_కాలు
దూరంగా పరిచాడు కాబట్టి. జి, సి, ఎఫ్ కింద ఉన్నాయి, ఎఫ్ షార్ప్, బి పైన ఎక్కడో. ఎఫ్‌కీ ఎఫ్ షార్ప్‌కీ మధ్య ఒక స్థాయికి పైగా ఎడం ఉంది. పైగా ఈ కార్డులు అతి మెత్తగా పలకాలి. అవే ఆరు స్వరాలు దగ్గరగా జరిపి గట్టిగా కొట్టి చూడండి, శ్రీను గారి మ్యూజిక్ డైరెక్టర్ పంపించేసే శబ్దం అదే.

స్టూడియో_శ్రీను
ఇప్పుడే కొట్టి చూశా. నిజమే, రెండూ ఒకే స్వరాలంటే నమ్మబుద్ధి కాలేదు. సౌండ్ డిజైన్ లాగా ఉంది ఈయన పని. కానీ నా అసలు ప్రశ్న అలాగే ఉంది. మూడ్ ఎవరు చెప్పారు మనకి?

వియన్నా_బాబాయ్
దానికి చరిత్ర తెలియాలి శ్రీనూ. మొదటి ఐదు ముక్కలు 1911 ఫిబ్రవరి 19న, ఒకే రోజున రాశాడు. ఆరోది లేదు అప్పటికి. మే 18న వియన్నాలో స్వరకర్త గుస్తావ్ మాలర్ చనిపోయాడు, 50 ఏళ్లకే. మే 22న గ్రింట్సింగ్ శ్మశానంలో ఖననం. షోన్‌బర్గ్ అక్కడ ఉన్నాడు. ఆ దృశ్యాన్ని బొమ్మగా కూడా వేశాడు, ఆయన చిత్రకారుడు కూడా. జూన్ 17న ఈ ఆరోది రాశాడు. ఆ ఏడాదే అచ్చయిన తన హార్మనీ పాఠ్యపుస్తకాన్ని మాలర్ స్మృతికే అంకితమిచ్చాడు.

మాలర్ ఆయనకి పెద్ద దిక్కు. షోన్‌బర్గ్ సంగీతానికి జనం ఈలలు వేసి గోల చేసినప్పుడు సభలో నిలబడి వెనకేసుకొచ్చినవాడు. నేను ఈ ఊళ్లోనే ఉంటాను, గ్రింట్సింగ్ సమాధి దగ్గరికి వెళ్లాను. రాయి మీద పేరు తప్ప ఇంకేమీ చెక్కలేదు. నాకు ఆ తొమ్మిది బార్లూ ఆ రాయీ ఒకే స్వభావంగా అనిపిస్తాయి.

ఆ రెండు కార్డులూ శ్మశానంలో గంటల మోత. చివరి రెండు స్వరాలు మాలర్ తొమ్మిదో సింఫనీ ముగింపు లాగా ఆరిపోవడం. ఇది శోకగీతం, ఇంకో మాట లేదు.

కోటి_పాతపుస్తకాలు
@వియన్నా_బాబాయ్ తేదీలన్నీ సరే, కానీ తొమ్మిదో సింఫనీ మొదటి ప్రదర్శన 1912 జూన్‌లో, బ్రూనో వాల్టర్ నడిపించాడు. ఈ ముక్క రాసింది 1911 జూన్. ఏడాది ముందే! వినని సింఫనీని ఎలా తలుచుకుంటాడు?

వియన్నా_బాబాయ్
సింఫనీ పేరు పక్కన పెట్టండి. ఆరిపోవడం అనే పద్ధతి మాలర్‌ది. అది షోన్‌బర్గ్‌కి ఒంట్లో ఇంకిపోయింది. ఆ మాట మీద నేను నిలబడతాను.

కోటి_పాతపుస్తకాలు
దానికైతే మీకు ఇంకా గట్టి ఆధారం ఇస్తాను. "చనిపోయిన పిల్లల పాటలు" అని మాలర్ జర్మన్ కవి రూకెర్ట్ కవితలకి కట్టిన పాటలు. 1905 జనవరి 29న వియన్నాలో మొదటిసారి పాడారు. ఆ కచేరీ పెట్టింది షోన్‌బర్గ్, మరో స్వరకర్త జెమ్లిన్‌స్కీ కలిసి స్థాపించిన సంఘమే. ఆ పాటల్లో మొదటిది వినండి. వాద్యబృందం పలచగా ఉంటుంది, మధ్యమధ్య గ్లాకెన్‌ష్పీల్ (లోహపు పలకల వాద్యం) మీద ఒంటరి గంట చుక్కలు పడతాయి. అది షోన్‌బర్గ్‌కి బాగా తెలిసిన శబ్దం. మాలర్ పోయాక గంటలు గుర్తొస్తే, శ్మశానం గంటలే కానక్కర్లేదు, మాలర్ రాసిన గంటలు కావచ్చు.

వియన్నా_బాబాయ్
ఇది విన్నాక రాత్రి ఆ పాట పెట్టుకున్నాను. చాలా దగ్గరి పోలిక. దీన్ని నేను తీసేసుకుంటున్నా.

పదనిస
బాబాయ్ గారూ, ఒక సందేహం. అచ్చయిన నోట్లలో మాలర్ పేరు ఉందా?

వియన్నా_బాబాయ్
లేదు. శీర్షిక లేదు, అంకితం లేదు. 1913లో యూనివర్సల్ ఎడిషన్ అనే ప్రచురణ సంస్థ వేసినప్పుడు కూడా ఆరు అనే నంబరే. మాలర్ సంగతి షోన్‌బర్గ్ చుట్టూ ఉన్నవాళ్ల ద్వారా వచ్చింది. కానీ తేదీ అబద్ధం చెప్పదు కదా.

పదనిస
అందుకే నాకు "శోకగీతం, ఇంకో మాట లేదు" అనడం నచ్చలేదు. ఏడుపే కావాలనుకుంటే పైన "దుఃఖంతో" అని రాసేవాడు. ఫ్రెంచ్ స్వరకర్త దెబుస్సీ తన "మంచులో అడుగులు" అనే చిన్న పియానో ముక్క మొదట్లోనే "విషాదంగా, నెమ్మదిగా" అని రాసి, మెట్రోనోమ్ 44 అని కూడా ఇచ్చాడు. అది కూడా ఈ కాలపుదే, 1909 డిసెంబరు. అక్కడ డి మైనర్ ఉంది, టెంపో ఉంది, మూడ్ ఉంది, మూడూ చేతిలో పెట్టాడు. షోన్‌బర్గ్ ఇవేవీ పెట్టలేదు. పెట్టకపోవడం కూడా నిర్ణయమే కదా!

నాకు ఇందులో ఏడుపు వినపడదు. మా తాతగారు పోయాక పదో రోజు పనులన్నీ అయిపోయి, చుట్టాలు వెళ్లిపోయి, అమ్మ వరండాలో ఊరికే కూర్చుంది. ఏడవడం లేదు. పిలిస్తే పలుకుతోంది. మళ్లీ అలాగే కూర్చుంటోంది. ఈ ముక్క నాకు అలా వినపడుతుంది. చావు నుంచి నాలుగు వారాలు దాటాక రాశాడు, అదీ చూడండి. ఖననం రోజున రాసింది కాదు.

గ్రేడ్8_అమ్మ
పదనిస చెప్పింది చదివి కళ్లు తడిశాయి. అమ్మాయికి చదివి వినిపించాను. ఏమీ అనలేదు గానీ, ఆ తర్వాత వాయించినప్పుడు తొందరపడలేదు.

వియన్నా_బాబాయ్
పదనిస గారూ, మీరు చెప్పింది శోకం కాదంటారా? అదే శోకం. నేను ఏడుపు అనలేదు.

పదనిస
సరే, అక్కడ కలుస్తున్నాం. కానీ వాయించేవాళ్లకి శోకం అని చెప్పగానే వాళ్లు ప్రతి కార్డ్ మీదా ఒరిగిపోతారు, బీటు సాగదీస్తారు. అదే నా భయం.

చౌకకాలం
@పదనిస మీతో పూర్తిగా ఏకీభవిస్తున్నా. లెక్క కచ్చితంగా ఉంచితేనే అది నెమ్మదిగా వినపడుతుంది. సాగదీస్తే వినేవాడికి బీటే అందదు, బీటు అందకపోతే నెమ్మదో వేగమో ఎలా తెలుస్తుంది? కాలప్రమాణం చెడితే విలంబం కూడా చెడుతుంది. 

పెడల్_మీద_కాలు
మూడ్ ఎవరు చెప్పారు అని శ్రీను గారు అడిగారు. నా జవాబు: శబ్దం గుర్తులు చెప్పాయి. మొత్తం ముక్కలో అన్నిటికన్నా గట్టి చోటు ఒక్క "పి". అంటే మామూలుగా మెత్తన! మిగతాదంతా దానికన్నా కిందే. చివర్లో ఆ రెండు కార్డులూ తిరిగి వచ్చాక, అడుగున బి ఫ్లాట్ నుంచి ఎ ఫ్లాట్‌కి దిగే చోట నాలుగు పి లు పెట్టి, పైన "ఊపిరిలా" అని రాశాడు. మొత్తంలో నాకు అన్నిటికన్నా కష్టమైంది ఆ రెండు స్వరాలే. పియానోలో మెట్టు మరీ నెమ్మదిగా నొక్కితే సుత్తి తీగ దాకా వెళ్లదు, చప్పుడే రాదు. కాస్త ఎక్కువైతే బరువుగా దిగబడుతుంది. ఈ రెండింటి మధ్య ఉన్న సన్నటి సందులో పలకాలి. శబ్దాన్ని మెత్తబరిచే ఎడమ పెడల్ వేసినా సరిపోదు, వేలిని మెట్టు మీద ముందే ఆనించి, పైనుంచి పడనివ్వకుండా నొక్కాలి.

నేను ఉండేది విశాఖలో. వానాకాలంలో చెమ్మకి మెట్లు బరువెక్కుతాయి, ఆ నెలల్లో ఈ చివరి బారు నాకు పలకదు. ఒక విద్యార్థుల కార్యక్రమంలో బి ఫ్లాట్ అసలు మోగలేదు, ఎ ఫ్లాట్ ఒక్కటే వచ్చింది. సభలో ఎవరికీ తెలియలేదు, కానీ నాకు ఆ ముక్క ముగియలేదు.

స్టూడియో_శ్రీను
సరే, వినండి. ఈ చర్చ చదివి రెండు రికార్డింగులు పెట్టుకున్నా. ఒకటి పియానిస్టు ఎడ్వర్డ్ ష్టాయర్‌మన్ 1957లో చేసినది, ఇంకొకటి పియానిస్టు పోలినీది, 1970ల్లోది. ష్టాయర్‌మన్ షోన్‌బర్గ్ దగ్గర చదువుకున్నాడట కదా. స్టూడియోవాడిని కాబట్టి నాకు ముందు వినపడేది గది. పాత రికార్డింగులో టేపు సరసర వినపడుతోంది, ఆ సరసరలో కార్డ్ ఎక్కడ ఆరిపోయిందో తెలియడం లేదు. కొత్తదాంట్లో నిశ్శబ్దం నల్లగా ఉంది, ఆరిపోవడం చివరిదాకా వినొచ్చు. ఇదే ముక్క రికార్డింగుని బట్టి టెంపో మారినట్టు అనిపించింది నాకు. ట్యూను లేదన్న మాట మీద ఇంకా ఉన్నా. కానీ ఊరికే నొక్కినవి అన్న మాట ఇక అనను.

కోటి_పాతపుస్తకాలు
అది చాలు 🙏 పియానిస్టు గ్లెన్ గూల్డ్ 1960ల్లో చేసినది కూడా వినండి.

ఇంకో సంగతి. 1911లోనే షోన్‌బర్గ్ "గుర్రె-లీడర్" వాద్యరచన పూర్తిచేశాడు, ఆ నవంబరులో. పెద్ద వాద్యబృందం, పెద్ద గాయకబృందాలు, గంటన్నర పైన సాగుతుంది. అదే బల్ల మీద, అదే ఏడాది ఈ తొమ్మిది బార్లు. ఈయనకి పొడుగ్గా రాయడం చేతకాక చిన్నది రాశాడని ఎవరూ అనుకోకూడదు. అంతకు రెండేళ్ల ముందే పియానిస్టు, స్వరకర్త బుసోనీకి రాసిన ఉత్తరంలో సంగీతం పొట్టిగా ఉండాలని, కట్టుకుంటూ పోకుండా నేరుగా చెప్పాలని రాశాడు.

నల్లమెట్లు
ఇవన్నీ పట్టుకుని మళ్లీ కూర్చున్నా. ఎయిత్ నోటు 58, లోపల లెక్క. టచ్ హెవీ. కుడిచేతి కార్డ్ నొక్కి, అది సగానికి తగ్గేదాకా చెవి పెట్టి, ఎడమచేతిది దాని మోత ఎంత మిగిలిందో అంతే బరువుతో వేస్తున్నా. అంతకుముందు రెండూ సమానంగా వేసేవాణ్ని, అందుకే రెండోది మొదటిదాన్ని కప్పేసేది. ఇప్పుడు ఆరు స్వరాలూ ఒక్కటిగా వినపడుతున్నాయి.

మూడ్ గురించి టీచర్‌కి ఏం చెప్పాలో మాత్రం ఇంకా తేల్చుకోలేదు. పదనిస చెప్పిన వరండా, బాబాయ్ చెప్పిన రాయి, రెండూ ఉన్నాయి బుర్రలో.

బొబ్బిలి_వీణ
తేల్చుకోవద్దు నాన్నా. వాయించేటప్పుడు ఏది ముందొస్తే అది. 

చౌకకాలం
58 బాగుంది. ఒక్క జాగ్రత్త. మధ్యలో కుడిచేతికి పాటలా కదిలే చిన్న వరుస వస్తుంది చూడండి, అక్కడ అందరూ వేగం పెంచేస్తారు. కదలిక కనపడగానే చేతికి ప్రాణం లేచొస్తుంది. అక్కడే లెక్క గట్టిగా పట్టుకోండి.

వియన్నా_బాబాయ్
నేను మాత్రం అక్కడ కాస్త ఊపిరి ఇవ్వాలంటాను. రాయి కూడా కరగాలి ఒక్కచోట.

చౌకకాలం
బాబాయ్, మీ రాయి కరిగితే నా తాళం తప్పుతుంది 🙂 ఇవ్వకూడదు.

గ్రేడ్8_అమ్మ
అమ్మాయి ఇప్పుడు రెండో ముక్క కూడా మొదలుపెట్టింది, ఆ జి-బి ఉన్నది. దాని మీద "అతి పొట్టిగా" అని రాసి ఉంది. ఆరోదానికి నేర్చుకున్న పెడల్ అలవాటు ఇక్కడ కూడా వేసేస్తోంది. వేయొచ్చా?

పెడల్_మీద_కాలు
ఆ జి-బి మీద అస్సలు వద్దు. పెడల్ వేస్తే పొట్టితనం పోతుంది, ముక్కే మారిపోతుంది. రెండు వేళ్లూ వేడి పెనం తగిలినట్టు వెనక్కి రావాలి, కానీ శబ్దం మాత్రం మెత్తగా. పైన నడిచే వరుసని వేళ్లతోనే కలిపి పట్టుకోమనండి. తను వాయించింది ఫోన్లో రికార్డు చేసి ఇక్కడ పెట్టండి, జి-బి ఎక్కడ సాగుతోందో బారు నంబర్లతో చెప్తాను.